దేన్నీ తాకని కబురు

మొన్న పొద్దున ఫోన్ తెరిస్తే అక్క పేరు పక్కన ఒక ట్రాక్టర్ కనిపించింది. ఎర్రది, సరికొత్తది. బానెట్ మీద పసుపు కుంకుమ, బంతిపూల దండ, ముందు టైర్ల కింద నిమ్మకాయలు. పక్కన మీసం తిప్పుకుని నిలబడ్డ ఒకాయన. ముందు నాకేమీ అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఫోన్ కంపెనీ వాళ్లు ఆమె నంబరును తీసుకెళ్లి ఈయనకు ఇచ్చేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మీసాలాయన ఏం తప్పు చేశాడని? పాపం, ట్రాక్టర్ కొన్నాడు, సంతోషంగా ఫోటో పెట్టుకున్నాడు. అయినా ఆ నంబరు అక్కది. దాని పక్కన ఇన్నాళ్లూ ఒక ఎర్ర చుక్క బొమ్మ ఉండేది. పేరు తీసేద్దామని వేలు పెట్టాను, తీయలేకపోయాను. ఇప్పటికీ ఆ ట్రాక్టర్ అక్క పేరుతోనే నా ఫోన్లో తిరుగుతోంది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. కొత్తకోటలో ఒక ఆడపిల్లల కాలేజీలో మేమిద్దరం పాఠాలు చెప్పేవాళ్లం. ఆమె ఫిజిక్స్, నేను తెలుగు. ఒకే ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం, పైగది ఆమెది, కిందగది నాది. మాది నల్లగొండ వైపు. ఆమెది ఆత్మకూర్ అవతల, కృష్ణ ఒడ్డు పల్లె. గొర్లు, మేకలు కాసుకుని బతికే ఇల్లు. ఆ ఇంట్లోంచి ఒక్కతే చదువుకుని హైదరాబాద్ దాకా వెళ్లింది. న్యూట్రినోల మీద పరిశోధన మొదలుపెట్టింది. నాయిన పోవడంతో మధ్యలో ఆపేసి, ఇంటికి దగ్గరగా ఉంటుందని ఈ కాలేజీలో చేరింది. పెళ్లి సంగతి ఎవరైనా ఎత్తితే, "ఎందుకు, మీ ఇంట్ల పెళ్లి భోజనం బాకీ ఉన్నదా?" అనేది. మళ్లీ ఎత్తే ధైర్యం ఎవరికుంటుంది?

మనిషి పొడుగు. పెద్ద పెద్ద అడుగులు వేసేది, పక్కన నేను పరుగెత్తాల్సి వచ్చేది. సుద్దముక్కను చెవి మీద పెట్టుకుని మరిచిపోయేది. బోర్డును డస్టర్‌తో కాకుండా అరచేత్తో తుడిచి, ఆ చేతిని చీరకే రాసుకునేది. అందుకని ఆమె చీరలన్నిటికీ కుడివైపు ఒక తెల్లమచ్చ. కొంగున ఎప్పుడూ వేయించిన పల్లీలుండేవి. పాఠం మధ్యలో సరిగ్గా జవాబు చెప్పిన పిల్లకు రెండు పల్లీలు, తప్పు చెప్పినా ధైర్యంగా చెప్పిన పిల్లకు నాలుగు.

ఆమెతో వేగడం మాత్రం అంత సులువు కాదు. అన్నీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలనేది. ప్రిన్సిపాల్ గారిని ఏదైనా అడిగితే "చూద్దాం మేడం" అంటారు కదా, మర్యాదకు. ఆమె వదిలేది కాదు. "కాదంటే కాదనుండ్రి సార్, చూద్దాం అంటే నేను రేపు మళ్ల వస్త" అనేది. నేను కూర ఎలా ఉందని అడిగితే "ఉప్పు కషాయం లెక్క ఉన్నది" అనేది, అని మొత్తం తినేసేది. నాకు అలిగే అవకాశం కూడా ఇచ్చేది కాదు.

ఆ మొండితనం ఎక్కడిదో నాకు బత్తాయిల దగ్గర తెలిసింది. ఒకసారి సెలవులకు మా ఊరు వెళ్లి వస్తూ సంచి నిండా బత్తాయిలు తెచ్చాను. నల్లగొండవాళ్లం, ఇంకేం తెస్తాం? రసం తీసి పైగదికి తీసుకెళ్లి ఇస్తే గ్లాసు ముట్టుకోలేదు. వాసనకే ముఖం తిప్పుకుంది. నాకు కోపం వచ్చింది, గ్లాసు అక్కడే పెట్టి దిగి వచ్చేశాను. కాసేపటికి తనే కిందికి వచ్చి, గడపలో కూర్చుని చెప్పింది.

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు అమ్మ ఫోన్ చేసిందట. "నాయినకు జర సీరియస్‌గున్నది, జల్ది రా బిడ్డా" అంది. మన దిక్కు ఆ మాటకు అర్థం ఏమిటో అందరికీ తెలుసు. చావు కబురు ఎవరూ సూటిగా చెప్పరు. దూరాన ఉన్నవాళ్లు దారిలో ఏమైపోతారోనని భయం. జర సీరియస్, పాణం బాలేదు, డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు, ఇలా ఏదో ఒకటి చెప్పి పిలుస్తారు. వచ్చాక వాకిట్లోనే తెలుస్తుంది. అక్కకూ ఆ సంగతి తెలుసు. కానీ సొంత నాయిన దగ్గరికి వచ్చేసరికి తెలివి పనిచేయలేదు. అమ్మ మాటను మాట లాగే నమ్మింది.

"బస్టాండ్ల బత్తాయిలు కొన్న. నాయినకు రసం తీసి తాపుదామని. బస్సు దిగి నడుస్తుంటె డప్పు ఇనొచ్చింది. ఎవలో పోయిండ్రు పాపం, అనుకున్న నేను. అనుకోని, సంచి ఇంకో చేతికి మార్చుకోని, మా గల్లిలకు మళ్లిన. గా బత్తాయిలు పట్టుకోనే వాకిట్ల నిలబడ్డ. అందరు నా చేతుల దిక్కు చూసిండ్రు."

అంతే చెప్పింది. ఏడవలేదు. ఏడ్చింది నేను.

"అమ్మ మీద నాకు కోపం పోతలేదు పిల్లా. గన్ని గంటలు నన్ను ఉత్తగ ఆశ పెట్టింది. నాకు ఎవరిదైనా సరే, ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. మాటియ్యి" అంది. ఇచ్చాను.

అప్పటి నుంచి ఆమె న్యూట్రినోల గురించి ఎందుకంత ప్రేమగా మాట్లాడుతుందో నాకు కొంచెం అర్థమైంది. అవి అబద్ధం చెప్పవు అనేది. దేనితోనూ పెట్టుకోవు, బరువు లేనట్టే ఉంటాయి, కరెంటు గుణం లేదు, అందుకని ఏదీ వాటిని ఆపలేదు. సూర్యుడి నుంచి వచ్చేవి మన గోరంత జాగాలోంచి క్షణానికి వేల కోట్లు దూసుకుపోతున్నాయట. మనకు దురద కూడా పుట్టదు. ప్రపంచంలో ఎక్కడెక్కడో గనుల లోపల, కొండల కింద పెద్ద పెద్ద నీళ్ల తొట్లు కట్టి, వాటిలో ఏ ఒక్కటైనా తగలకపోతుందా అని కాచుకుని కూర్చున్నారట. ఆ తొట్ల వాళ్లంతా కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఎక్కడైనా నక్షత్రం కూలితే వెలుగు రాకముందే న్యూట్రినోలు వస్తాయి గనుక, వెంటనే అందరికీ ఫోన్లలో కబురు పెట్టేస్తారు. ఎవరైనా పేరు ఇచ్చుకోవచ్చు. కొత్తకోట నుంచి అక్క ఇచ్చుకుంది. ఆ కబురు కోసం ఫోన్లో వేరే మోత పెట్టుకుంది, మేకల మెడలో గంట మోత. అది ఒక్కసారి కూడా మోగలేదు.

ఆమె చెప్పిన పాఠాల్లో ఒకటి నేను ఎన్నటికీ మరిచిపోను. సిలబస్‌లో లేని పాఠం. దసరా సెలవుల ముందు కాలేజీ గ్రౌండ్లో పిల్లలు బతుకమ్మ ఆడుతున్నారు. పాటలు నా పని కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. అక్క వచ్చి, "మేడం, మీ పిల్లలను జర నాకియ్యుండ్రి" అని, వాళ్లను ఒకదాని లోపల ఒకటిగా మూడు వలయాలు చేసింది. నడిమి వలయం పిల్లలతో, "మీరు నక్షత్రం గుండెకాయ. దొరికిందల్ల కాల్చుకోని, కాల్చుకోని, ఆఖరికి ఇనుమైండ్రు. ఇనుమును కాలిస్తె వేడి రాదు. ఇంక పైబరువును మోసేటోళ్లు లేరు. నేను సైగ చేస్తె దబ్బున కూసోవాలె" అంది. బయటి వలయాల వాళ్లకు ఈ సంగతి చెప్పలేదు. లోపల ఒక బక్కపిల్లను పెట్టి, "నువ్వు న్యూట్రినోవి. ఎవ్వరినీ తాకకుండ బయటికొచ్చి నాకు చెప్పాలె" అంది.

పాట అందుకున్నారు. అక్క చెయ్యి ఎత్తింది. నడిమి పిల్లలు ఒక్కసారిగా కూర్చున్నారు. బయటి వలయం పిల్లలు, లంగా ఓణీల్లో, చప్పట్లు కొడుతూ, వంగుతూ లేస్తూ, అలాగే తిరుగుతున్నారు. బక్కపిల్ల వాళ్ల చేతుల కింది నుంచి, నడుముల సందు నుంచి, ఊపిరి బిగబట్టి దూరి వచ్చి, అక్క చెవిలో "అయిపోయింది మేడం" అంది.

"చూడుండ్రి! ఇంటి మనిషి పోయిండు, వీళ్లింక చప్పట్లు కొడుతున్నరు" అని అక్క గట్టిగా నవ్వింది. "గిట్లనే ఉంటది. లోపల గుండెకాయ ఒక్క సెకండు లోపల కూలుతది. బయట కొన్ని గంటలదాక ఎప్పటి లెక్కనే మెరుస్తనే ఉంటది. ఎరుక ఉండదు. గా పేలుడు లోపలికెల్లి పొరలన్ని తోసుకోని పైకి రావాలె గద. వచ్చినంకనే మనకు కండ్లకు కనపడుడు. గా కనపడే వెలుగెంత? నూటికి ఒక వంతు గూడ ఉండది. తతిమ్మదంతా న్యూట్రినోలే ఎత్తుకపోతయ్, చప్పుడు లేకుండ."

ప్రిన్సిపాల్ గారు పిలిపించి, "పండుగపూట ఆ చావు ముచ్చటేంది మేడం?" అని మందలించారు. "చావు కాదు సార్, సూపర్నోవా" అంది ఈమె. బక్కపిల్లకు కొంగులోని పల్లీలన్నీ ఇచ్చేసింది.

ఆ తర్వాత ఒక శీతాకాలం ఆరుద్ర నక్షత్రం ఉన్నట్టుండి మసకబారింది. పేపర్లలో కూడా వచ్చింది. పేలబోతుందేమోనని ప్రపంచమంతా తల ఎత్తి చూసింది. అక్కకు కాలు నిలవలేదు. సంక్రాంతి దాటిన ఒక ఆదివారం నన్ను వాళ్ల ఊరికి లాక్కుపోయింది, అక్కడ కరెంటు దీపాలు తక్కువ, చుక్కలు బాగా కనిపిస్తాయని. పొద్దుగూకాక వాకిట్లో నిలబడి, మేకలను దొడ్డిలోకి తోలుతున్న వాళ్లమ్మను పిలిచి చూపించింది. మూడు చుక్కల పక్కన ఎర్రగా, నీరసంగా ఉన్నదే ఆరుద్ర.

వాళ్లమ్మ చిన్నమనిషి. అక్క భుజం దాకా కూడా రాదు. చిన్న ఫోన్ ఒకటి దారం కట్టి మెడలో వేసుకునేది, మాట్లాడేటప్పుడు నోటి ముందు పెట్టుకుని అరిచేది. ఆమె చేయి అడ్డం పెట్టుకుని పైకి చూసి, "ఆరుద్ర సస్తదా? మరి కార్తె?" అంది.

"కార్తెకేం గాదే అమ్మా. కార్తె సూర్యునిది. సూర్యుడు గా చుక్క జాగలకు వచ్చిన దినాలను మనం ఆరుద్ర కార్తె అంటున్నం. గప్పుడు అసలు గా చుక్క కనపడనే కనపడది."

"సచ్చినోళ్ల ఇంటికి సూర్యుడు మాత్రం ఎందుకొస్తడు? వాన ఎవలు తెస్తరు? ఇత్తనాలు ఎప్పుడు పెట్టాలె?" అని ఆమె దబాయించింది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అక్క తలపట్టుకుంది.

"అసలు ఎప్పుడో సచ్చి గూడ ఉండొచ్చు. గాడికెల్లి వెలుగు రావాల్నంటె వందల ఏండ్లు పడ్తది. మనకు కబురు రాలేదు గంతే."

"గట్లనా? ఐతే మంచిదే" అంది ఆమె, దొడ్డి తడిక మూస్తూ. "తెలిసినంక ఎట్లాగూ ఏడ్సుడే. తెల్వనన్ని దినాలు తెల్వకనే ఉండని."

"గిదే నీతోని నా లొల్లి" అంది అక్క. గొంతు ఒక్కసారిగా మారిపోయింది. ఆ పూట అన్నం తినేటప్పుడు ఇద్దరూ నాతో మాట్లాడారే గాని ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. కొన్ని వారాలకు ఆరుద్ర మళ్లీ ఎప్పటిలా మెరిసింది. వాళ్లమ్మ పనిగట్టుకుని ఫోన్ చేసి, "చూసినవా, ఏం గాలె" అని అరిచింది. తానే బతికించినంత సంబరం.

కరోనా వచ్చింది, పోయింది. ఆ తర్వాతి ఏడాది ఎండాకాలంలో అక్కకు కడుపునొప్పి మొదలైంది. మాత్రలు మింగుతూ పరీక్షల పేపర్లు దిద్దింది. తిండి తగ్గింది. కొంగులో పల్లీలు అలాగే ఉండిపోయేవి. బలవంతంగా హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. స్కానింగులు, సూదులు అన్నీ అయ్యాక డాక్టర్ గారు, పెద్దమనిషి, మంచివాడు, "మందులున్నాయమ్మా, చూద్దాం" అన్నారు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి సార్" అంది అక్క.

ఆయన నా ముఖం చూశారు. నేను కిందికి చూశాను. అప్పుడు ఆయన చెప్పారు. క్యాన్సర్ కడుపులో మొదలై కాలేయం దాకా పాకిందనీ, కోయడానికి కుదరదనీ, మందులు నొప్పికే గాని జబ్బుకు కాదనీ. అక్క అంతా విని "మంచిగ చెప్పిండ్రు సార్" అని దండం పెట్టింది. బయటికి వచ్చాక ఇరానీ చాయ్ తాగుదామంది. నా చాయ్ మీద మీగడ కట్టింది. ఆమె తనది మొత్తం తాగేసింది.

కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. కొత్త సంవత్సరం పిల్లలు చేరారు, ఆమె మామూలుగా పాఠం మొదలుపెట్టింది. చెవి మీద సుద్దముక్క, చీర మీద తెల్లమచ్చ. ముందు బెంచీ పిల్లలు ఆమె జోకులకు నవ్వుతుంటే నేను పక్క గదిలో పద్యం మధ్యలో ఆగిపోయేదాన్ని. బయటి వలయం ఇంకా ఆడుతూనే ఉంది. సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నాకు ఎవరినైనా పట్టుకుని గట్టిగా ఏడవాలని ఉండేది.

ఇక మిగిలింది వాళ్లమ్మ. "అమ్మకు నేనే చెప్తా. నా నోటితోనే చెప్తా. నాకు చేసినట్టు నేను చెయ్య" అంది. ఆరుద్ర కార్తె మొదలై ఒక వాన పడింది. నన్ను తోడు రమ్మంది. ఆత్మకూర్ బస్సులో దారి పొడుగునా నోట్లో ఏదో గొణుక్కుంటూనే ఉంది, పాఠం వల్లె వేసుకునే పిల్లలా.

వాళ్లమ్మ ఊరి బయట చెలకలో మేకలతో ఉంది. తడిసిన నేల మీద ఎర్రగా, ముఖమల్ గుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు పాకుతున్నాయి. మమ్మల్ని చూసి ఆమె ముఖం విప్పారింది. "బిడ్డా, నీ కోసమే చూస్తున్న" అని, వంగి ఒక ఆరుద్ర పురుగును తీసి అక్క అరచేతిలో పెట్టింది. "చిన్నప్పుడు వీటిని అగ్గిపెట్టెల పెట్టుకోని పండుకునేదానివి. యాదికున్నదా?" పురుగు కాళ్లు ముడుచుకుని కాసేపు కదలకుండా ఉండి, మళ్లీ మెల్లగా అక్క వేళ్ల మీద నడిచింది.

అక్క నోరు తెరిచింది. "అమ్మా, దవాఖానకు పోయిన" అంది.

వాళ్లమ్మ ఆమె ముఖంలోకి చూసింది. మేకను అదిలిస్తున్న కర్ర గాల్లోనే ఆగింది.

"ఏమన్నరు?"

అక్క వంగి పురుగును నేల మీద వదిలింది. ఎంతమందికి ఎన్ని మాటలు మొహం మీద చెప్పిన మనిషి!

"జర నీరసమన్నరు. గోలీలు ఇచ్చిండ్రు" అంది చివరికి. "బాగైతదన్నరు."

"గంతే గద" అంది వాళ్లమ్మ. కర్ర దించింది. ఇంకేమీ అడగలేదు.

తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. కొత్తకోట దగ్గరపడుతుండగా, "గా దినం గ్రౌండుల పిల్లలకు నేను సగమే చెప్పిన పిల్లా" అంది.

"ఏ సగం అక్కా?"

"న్యూట్రినోలు దేన్నీ తాకవని చెప్పిన గద. భూమిల నుంచి పోతయ్, గీ బస్సుల నుంచి పోతయ్, నీల నుంచి నాల నుంచి పోతయ్. గని అవి గూడ ఆగే జాగ ఒకటున్నది. గా కూలిన గుండెకాయల్నే. అక్కడ ఎంత ఒత్తుకోని ఉంటదంటె, వాటికి గూడ దారి దొరకది. జరసేపు అక్కడక్కడనే తిరుగుతయ్."

"తర్వాత?"

"పేలుడు లేస్తది గని, పైకెల్లి పడే బరువుకు మధ్యలనే ఆగిపోతది. దమ్ము సాలది. అప్పుడు గా న్యూట్రినోలల్ల కొన్ని, శానా కొన్ని, దాన్ని తాకుతయ్. గా వేడికి మళ్ల లేస్తది. గా కొన్ని తాకకుంటె శానా నక్షత్రాలు పేలనే పేలవు. లోపటికి పడి మాయమైతయ్. అన్ని సక్కగ బయటికి పోతె పనేం కాదు పిల్లా. జర ఆగినయే పని చేసినయ్."

ఆమె మళ్లీ కిటికీ వైపు తిరిగింది. "అమ్మ ముంగట నాకు దారి దొరకలె. నాయిన పోయిన దినం ఫోన్ల అమ్మకు గూడ గిట్లనే అయి ఉంటది. గిన్నేండ్లు ఉత్తగ కోపం పెట్టుకున్న" అంది. నేను ఆమె చేయి పట్టుకున్నాను. ఎముకలు తగిలాయి.

దీపావళికి వాళ్లమ్మే మా ఇంటికి వచ్చింది. సన్నబడింది కనబడకుండా అక్క ఎండలో కూడా స్వెటర్ వేసుకుని కూర్చుంది. తల్లి రెండు దినాలు ఉండి, కూతురి తలకు నూనె పెట్టి, దువ్వెనలో వచ్చిన వెంట్రుకలను చుట్టచుట్టి కొంగులో దాచుకుని, ఏమీ అడగకుండా వెళ్లిపోయింది. బస్సెక్కేటప్పుడు మాత్రం నాతో "బిడ్డా, దాన్ని ఒక్కదాన్ని ఉంచకు" అంది.

చలికాలం చివర అక్క మంచం పట్టింది. నొప్పి ఎక్కువైతే మహబూబ్‌నగర్‌లో దవాఖానలో చేర్చాను. మూలుగు మధ్యలో ఒకసారి కళ్లు తెరిచి, "అమ్మకు నువ్వే చెప్పాలె" అంది.

"ఎట్ల చెప్పాలె అక్కా?" అని అడిగాను. ఉన్నది ఉన్నట్టు అంటుందనుకున్నాను. ఆమె నా వైపే చూసింది, చూసి, తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ మర్నాడు మధ్యాహ్నం పోయింది. అంత పెద్ద అడుగులు వేసే మనిషి, దుప్పటి కింద చిన్నపిల్లంత ఉంది. నా గుండె పగిలిపోయింది. ఇంతకన్నా మంచి మాట తెలుగు పంతులమ్మనైనా నాకు దొరకడం లేదు.

దవాఖాన వరండాలో నిలబడి ఫోన్ చేశాను. అవతల మేకల అరుపులు, గాలి.

"ఎవలు? బిడ్డా, నువ్వా?"

"అవ్వా..." అన్నాను. ఆ తర్వాత మాట రాలేదు. మేకలు అరుస్తూనే ఉన్నాయి.

"ఇంటికి తెస్తున్నరా?" అంది కాసేపటికి.

"తెస్తున్నం అవ్వా. పొద్దుగూకే లోపల వస్తం. అవ్వా, అక్క..."

"చెప్పకు బిడ్డా" అంది ఆమె. అరవలేదు, మామూలుగా అంది. "నాకు చెప్పకు. జర సీరియస్‌గున్నది, డాక్టర్లు ఇంటికి తీస్కపొమ్మన్నరు. గంతే గద?"

"గంతే అవ్వా."

"కబురు తెలిసినంక పొయ్యి ముట్టియ్యొద్దు గద. ఇంకా నాకు తెల్వది. ఇప్పుడే మేకలను మళ్లేసుకోని ఇంటికి పోయి పొయ్యి ముట్టిస్త. దానికి ఇంత జొన్న గట్క వండుత. ఎన్ని దినాలైందో నా చేతి గట్క తినక. తింటదా బిడ్డా?"

"తింటది అవ్వా" అన్నాను.

అంబులెన్సు ఆత్మకూర్ దాటి ఊళ్లోకి మళ్లేసరికి గల్లీ నిండా జనం. వాళ్లకెలా తెలిసిందో, అందరూ గోడల వెంట నిలబడ్డారు. ఒక్కరూ నోరు విప్పలేదు. డప్పు కొట్టే ఆయన డప్పును చంకలోనే పెట్టుకుని దూరంగా ఉన్నాడు. అక్క వాళ్ల ఇంటి కప్పు మీద పొగ లేస్తోంది. గట్క ఉడుకుతున్న జొన్నల వాసన వాకిటి దాకా వచ్చింది. వాళ్లమ్మ చేతిలో తెడ్డుతోనే బయటికి వచ్చి, బండి తలుపు దగ్గర నిలబడి, కూతురి ముఖం మీది గుడ్డ తీసి చూసింది. గుడ్డ మళ్లీ కప్పింది. లోపలికి వెళ్లి, పొయ్యి మీది కుండ దించి పక్కన పెట్టి, చెంబెడు నీళ్లు మంట మీద పోసింది. కట్టెలు బుస్సుమన్నాయి. అవి పూర్తిగా ఆరేదాకా అక్కడే నిలబడి, అప్పుడు బయటికి వచ్చి ఏడ్చింది.